కోత ఎంతన్నది కణితే చెప్పాలి

పక్కటెముక మీద కదలని గట్టి గడ్డ కనిపిస్తే, చాలాసార్లు మొదట జరిగేది దాన్ని పైపైన తొలిచి ల్యాబ్‌కు పంపడం. ఛాతీ గోడ క్యాన్సర్లలో దిద్దుకోవడం కష్టమైన తప్పు ఇదే. తొలిచిన చోట రక్తం గూడుకడుతుంది, దాంతోపాటే క్యాన్సర్ కణాలూ పక్కకు పాకుతాయి. తర్వాత ఆపరేషన్ చేసేవారు రక్తం పాకిన మేరంతా తీయాల్సి వస్తుంది. అందుకే ముందు సీటీ, ఎంఆర్ఐ, ఆ తర్వాతే సూది బయాప్సీ, అంటే సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించడం. సూది దిగిన దారి కూడా రేపు కణితితో పాటే బయటికి రావాలి కాబట్టి, అది పెట్టబోయే కోత గీత మీదే ఉండాలి.

రిపోర్టును బట్టి చికిత్స పూర్తిగా మారిపోతుంది. పెద్దవాళ్లలో ఎక్కువగా వచ్చే కాండ్రోసార్కోమాకు (మృదులాస్థి క్యాన్సర్) కీమో, రేడియేషన్ పెద్దగా పనిచేయవు, కత్తే దిక్కు. పిల్లల్లో, యువతలో వచ్చే ఈవింగ్ సార్కోమా అనే ఎముక క్యాన్సర్‌కు ముందు కీమో, తర్వాతే ఆపరేషన్. ఒంటరి ప్లాస్మాసైటోమా (ప్లాస్మా కణాలనే ఒక రకం తెల్ల రక్తకణాలతో ఒకే చోట ఏర్పడే కణితి) అయితే సాధారణంగా రేడియేషన్‌తోనే సరి.

వేగంగా పెరిగే రకమైతే కణితి చుట్టూ 4 సెంటీమీటర్ల మంచి కణజాలాన్ని కలిపి తీయడం పాత నియమం. అంటుకున్న కండరం, ఊపిరితిత్తి ముక్క అన్నీ విడదీయకుండా ఒకే ముద్దగా రావాలి. ఇక్కడో చిక్కుంది. కండరం అంచును ఫ్రోజెన్ సెక్షన్‌తో, అంటే ముక్కను గడ్డకట్టించి పలచగా కోసి, అప్పటికప్పుడు చూసుకోవచ్చు గానీ ఎముక అంచును అలా కోసి చూడలేం, దాన్ని మెత్తబరచడానికే రోజులు పడుతుంది. అంటే ఎముక కొలత స్కాన్ మీదే ముందుగా తేలిపోవాలి. ఇంత ఖాళీని ఎలా పూడ్చాలన్న భయంతో ఆపరేషన్ బల్ల దగ్గర ఒక పక్కటెముక వదిలేస్తే, ఆ వదిలినచోటే జబ్బు తిరిగి మొలవొచ్చు.

నిజానికి ప్రతి ఖాళీకీ గట్టి కవచం అక్కర్లేదు. 5 సెంటీమీటర్లలోపుదైతే కండరం కప్పితే చాలు. వీపు వైపు భుజపుటెముక కింద దాగేదైతే 10 సెంటీమీటర్ల వరకూ వదిలేయొచ్చు. కానీ ఆ ఎముక కొన దగ్గరి ఖాళీని మాత్రం వదలకూడదు, చెయ్యి ఎత్తి దించినప్పుడు కొన లోపలికి దిగి ఇరుక్కుంటుంది. ముందువైపు, రొమ్ము ఎముక దగ్గర పెద్ద ఖాళీ అయితే గట్టిదనం తప్పదు. లేకపోతే ఊపిరి పీల్చినప్పుడల్లా ఆ భాగం లోపలికి కుంగుతుంది, దగ్గు బలం పోతుంది, కఫం పేరుకుని న్యుమోనియా వస్తుంది.

పాతదైనా ఇప్పటికీ పనికొచ్చే పద్ధతి శాండ్‌విచ్: రెండు పొరల మెష్ (వల లాంటి కృత్రిమ గుడ్డ) మధ్య బోన్ సిమెంట్ (గట్టిపడే ప్లాస్టిక్ ముద్ద). అంచుల్లో సిమెంట్ లేకుండా వట్టి మెష్ వదలాలి, కుట్లు పడేది అక్కడే. సిమెంట్ గట్టిపడేటప్పుడు బాగా వేడెక్కుతుంది కాబట్టి పక్కటెముకల వంపు ఇచ్చి, ఒంటి బయటే చల్లారనిచ్చి, ఆ తర్వాత బిగించాలి. ఎముకకు డ్రిల్‌తో రంధ్రాలు చేసి దారం దూర్చాలి. మెష్ డోలులా బిగుతుగా లేకపోతే పెట్టీ లాభం లేదు. ఇన్ఫెక్షన్ వస్తే ఇదంతా తీసేయాల్సి రావొచ్చు. కొన్ని వారాలు గడిచాక తీస్తే మాత్రం, అప్పటికే ఏర్పడిన నారపొర ఛాతీని చాలావరకు నిలబెడుతుంది.

2015లో స్పెయిన్‌లోని సాలమాంకాలో ఒక రోగికి, ఆస్ట్రేలియాలో 3డి ప్రింట్ చేసిన టైటానియం రొమ్ము ఎముకను, పక్కటెముకలను అమర్చారు. ఘనతే. అయితే ఎంత మంచి లోహమైనా పైన రక్తం బాగా ఆడే కండరం లేకపోతే నిలవదు.

ఆ కండరం దగ్గరే పథకాలు తలకిందులవుతాయి. రొమ్ము ఎముకతో పాటు దాని పక్కనే దిగే లోపలి క్షీరధమని అనే రక్తనాళం పోతే, ఆ వైపు పొట్ట కండరాన్ని ఆ నాళం మీద ఆధారపడి ఖాళీని కప్పడానికి పైకి తిప్పలేం. వీపు మీది లాటిసిమస్ కండరం పెద్దది, నమ్మకమైనది. కానీ ఛాతీ తెరిచేటప్పుడు దాన్ని అడ్డంగా కోసేస్తే కోతకు దిగువన ఉన్న సగానికి రక్తం అందదు. అందుకే చర్మం మీద గీత గీసే ముందే ప్లాస్టిక్ సర్జన్ అక్కడ ఉండాలి, ఖాళీ పడ్డాక పిలిపిస్తే కాదు.