కలం పట్టిన చేతికే ధర చెప్పే హక్కు

శ్రీకాళహస్తిలో ఈరోజు కలంకారీ బట్ట మీద వంగి రంగులు నింపుతున్నవారిలో ఆడవాళ్లే ఎక్కువ. పట్టణంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఇది అందరికీ తెలిసిన సంగతే అయినా, కూలి లెక్కగట్టేటప్పుడు గానీ, రుణం మంజూరు చేసేటప్పుడు గానీ, పురస్కారాలకు పేర్లు పంపేటప్పుడు గానీ ఎవరికీ గుర్తుకు రాదు. వంటావార్పూ ముగించుకుని, పిల్లలను బడికి పంపి, మిగిలిన వేళలో చేసుకునే చిల్లర పని కింద దాన్ని జమకట్టడం మనకు అలవాటైపోయింది. ఆ అలవాటు పోవాలి. ఈ మహిళలను కళాకారులుగా, తమ సరుకుకు తామే ధర చెప్పగల ఉత్పత్తిదారులుగా గుర్తించే ఏర్పాటు తిరుపతి జిల్లా నుంచే మొదలుకావాలని మేము కోరుతున్నాం.

చిల్లర పని అన్న మాట ఎంత అన్యాయమో తెలియాలంటే ఒక బట్ట తయారయ్యే తీరు చూడాలి. ముందుగా గంజి పోయేదాకా ఉతికిన నూలు బట్టను కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో నానబెట్టి, పిండి, ఎండలో ఆరబెడతారు. పాలలోని కొవ్వు బట్టకు పట్టి, గీసిన గీత పక్కకు పాకకుండా ఆపుతుంది. చింతబరికెలు కాల్చిన బొగ్గుతో బొమ్మ రూపురేఖలు వేసుకున్నాక వెదురు కలం చేతికి వస్తుంది. దాని మొన కాస్త పైన ఉన్నిగానీ గుడ్డగానీ చుట్టి దారంతో బిగిస్తారు. అది రంగును పీల్చుకుని ఉంటుంది, వేళ్లతో నొక్కినకొద్దీ మొన వైపు దిగుతుంది. నల్లరంగు కోసం తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో వారాల తరబడి పులియబెడతారు. ఆ నీళ్లు చూడడానికి పలచగా గోధుమరంగులో ఉంటాయి, కరక్కాయ పట్టిన బట్టను తాకగానే నల్లబడతాయి. ఎర్రరంగు తీరు మరీ వింత: ఎరుపు కావలసిన చోట పటిక నీళ్లతో గీస్తే అప్పటికి పెద్దగా ఏమీ కనిపించదు, మంజిష్ఠ వంటి వేళ్లూ చెక్కలూ వేసి మరిగించినప్పుడే పటిక పడిన చోట ఎరుపు తేలుతుంది. కనిపించని గీతను కనిపిస్తున్నట్టే తప్పు లేకుండా గీయగలిగిన చెయ్యి అది. ఆ పైన పేడనీళ్లలో నానబెట్టి తెలుపు తేల్చడం, కరక్కాయ పువ్వుతో పసుపు, నీలిమందుతో నీలం, మధ్య మధ్య ఉతకడం, మళ్లీ ఆరబెట్టడం. ఇలా ఇరవై దాకా దశలు దాటితే గానీ బట్ట అమ్మకానికి సిద్ధం కాదు. పెద్ద బొమ్మ ఉన్న చీర కొంగు ఒక్కటే వారాలు పట్టవచ్చు.

ఈ విద్య ఒకప్పుడు కనుమరుగయ్యే దశకు చేరింది. గుళ్లలో రామాయణ, భారత కథల తెరలు వేయించే దాతలు, జమీందారులు తగ్గిపోయి, మిల్లు బట్ట ఊళ్లను ముంచెత్తాక, 1950ల నాటికి శ్రీకాళహస్తిలో కలం పట్టేవారు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు. దేశంలో హస్తకళల పునరుద్ధరణకు పాటుపడిన కమలాదేవి చట్టోపాధ్యాయ పూనికతో ఆ దశాబ్దం చివర్లో ఇక్కడ ప్రభుత్వ శిక్షణ కేంద్రం తెరవడం వల్లనే కళ నిలబడింది. ఆ తరువాతి తరంలో జొన్నలగడ్డ గురప్ప చెట్టి వంటి విద్వాంసులు దానికి దేశవ్యాప్త గౌరవం తెచ్చారు. ఆయనకు 2008లో పద్మశ్రీ లభించింది. ఆ గౌరవం న్యాయమైనది, అందులో సందేహం లేదు. కానీ అదే కాలంలో ఇళ్లల్లో రంగులు నింపుతూ, బట్టలు ఉతుకుతూ, కాగులు మరిగిస్తూ ఈ కళను మోసిన ఆడవాళ్ల పేర్లు ఏ జాబితాలోనూ పెద్దగా కనిపించవు.

పని పంపకంలోనే కిటుకు ఉంది. చాలాచోట్ల బొమ్మ గీయడం ఒకరి పని, రంగు నింపడం మరొకరి పని. గీతకు ఎక్కువ ధర, నింపుడుకు తక్కువ ధర. నింపుడు పని ఎక్కువగా ఆడవాళ్లది. వ్యాపారిగానీ, పెద్ద కళాకారుడిగానీ బట్ట, రంగులు ఇచ్చి ముక్కకు ఇంత అని కూలి కడతారు. ఆ కూలిలో మరిగించిన కట్టెల ఖర్చు, మోసిన నీళ్లు, పొగకు మండిన కళ్లు, వంగి వంగి పట్టేసిన నడుము ఏవీ చేరవు. ఆ బట్ట హైదరాబాదులోనో బెంగళూరులోనో ఏ ధరకు అమ్ముడయిందో రంగు నింపిన మనిషికి తెలిసే దారి లేదు. ధర తెలియని మనిషి బేరం ఎలా ఆడుతుంది? పెట్టుబడి పెట్టి, అమ్ముడుపోని సరుకును భరించే వ్యాపారి కష్టం మాకు తెలియనిది కాదు. అయినా లాభంలో వాటా లేని మనిషి మీదికి నష్టాన్ని మాత్రం నెట్టడం, సరుకు అమ్ముడయ్యాకే కూలి ఇస్తాననడం న్యాయం అనిపించుకోదు.

సంఘటితమైన చోట పరిస్థితి మారడం శ్రీకాళహస్తే చూసింది. బెంగళూరుకు చెందిన సామాజిక కార్యకర్త, పద్మశ్రీ గ్రహీత అనితా రెడ్డి చొరవతో ఏర్పడిన ద్వారక సంస్థ ఇక్కడి మహిళా కళాకారులను బృందాలుగా కూడగట్టి, కలంకారీని గోడకు వేలాడే తెరల నుంచి చీరలు, దుపట్టాలు, ఇంటి వాడకపు వస్తువుల వైపు విస్తరింపజేసింది. బృందంగా కూర్చుని పని చేయడంలో ఉన్న బలం డబ్బు ఒక్కటే కాదు. కొత్తగా చేరిన పిల్ల పక్కన కూర్చున్న పెద్దామెను చూసి గీత నేర్చుకుంటుంది. నింపుడుకే పరిమితమైన చెయ్యి మెల్లగా బొమ్మ గీసే చెయ్యి అవుతుంది. ఒకరి బిడ్డకు జ్వరం వస్తే ఇంకొకరు ఆమె బట్ట ముగించి పెడతారు. ధర మాట్లాడేటప్పుడు ఒంటరి గొంతు ఉండదు. ఇంట్లో ఆడమనిషి చేతికి నేరుగా వచ్చే రూపాయి బడి ఫీజుకు, మందులకు, కుదువ పెట్టిన కమ్మలు విడిపించడానికి పోతుందని ఈ జిల్లాలో డ్వాక్రా సంఘాల లెక్కలు రాసిన ప్రతి కార్యకర్తకూ తెలుసు.

అయితే ఒక స్వచ్ఛంద సంస్థ, ఒకరిద్దరు దాతల మీద వందల కుటుంబాల బతుకు ఆధారపడి ఉండడం ఎల్లకాలం సాగేది కాదు. బృందాలు తమ కాళ్ల మీద తాము నిలబడేలా, మహిళలే వాటాదారులుగా ఉత్పత్తిదారుల సంఘాలు ఏర్పడాలి. ఎవరి డిజైన్ వారిదిగా నమోదు కావాలి. ఖాతా పుస్తకం సభ్యులందరి ముందూ తెరిచి ఉండాలి. సంఘం పేరు చెప్పి నలుగురు పెద్దమనుషులు చక్రం తిప్పే పరిస్థితి వస్తే పాత వ్యాపారి స్థానంలో కొత్త వ్యాపారి వచ్చినట్టే అవుతుంది.

ఇది కలంకారీకే చెందిన బాధ కాదు. ఇదే జిల్లాలోని వెంకటగిరిలో మగ్గం మీద కూర్చున్న మనిషికి నేతగాడన్న పేరుంది. తెల్లవారకముందే లేచి కండెలు చుట్టిన భార్యకు ఆ పేరు అరుదుగా దక్కుతుంది. దేశంలో చేనేత, అనుబంధ పనుల్లో ఉన్నవారిలో 70 శాతానికి పైగా మహిళలేనని 2019-20 నాటి నాలుగో అఖిల భారత చేనేత గణన చెప్పింది. చిత్తూరు జిల్లా పలమనేరు మట్టిబొమ్మల పనిలోనూ మట్టి పిసకడం, ఆరబెట్టడం, రంగు అద్దడం వంటి కంటికి ఆనని పనుల్లో ఆడవాళ్ల చేతులే ఉంటాయి.

రుణం సంగతికి వద్దాం. సంఘాల ద్వారా మహిళలకు అప్పు దొరకని రోజులు కావివి. చిక్కంతా వాయిదాతోనే. నెల తిరక్కముందే కిస్తీ కట్టాలి. బట్ట ముగియడానికి వారాలు, అమ్ముడు కావడానికి ఇంకొన్ని వారాలు పడుతుంది. దానికి తోడు ఈ ప్రాంతంలో ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడతాయి, ముసురు పట్టిన రోజుల్లో బట్ట ఆరదు, రంగు సరిగా తేలదు. 2021 నవంబర్ వరదల్లో శ్రీకాళహస్తి పక్కన పారే స్వర్ణముఖి నది పొంగినప్పుడు ఈ పని ఎంత అశాశ్వతమైన ఆధారం మీద నిలిచి ఉందో జిల్లా చూసింది. అందుకే వానాకాలం కిస్తీకి వెసులుబాటు ఇచ్చి, ఎండలు ముదిరాక వసూలు చేసుకునే ప్రత్యేక రుణం కలంకారీ మహిళల కోసం రూపొందించాలి. ఎండకాలంలో సరుకు చేసి నిల్వ పెట్టుకునే స్తోమత ఉంటే వానాకాలపు పస్తులు తప్పుతాయి. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం కుమ్మరి, దర్జీ, బుట్టలు అల్లేవారు సహా 18 వృత్తులకు 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తరువాత 2 లక్షల రూపాయల రుణం, పనిముట్లకు 15 వేల రూపాయల సాయం ప్రకటించింది. ఆ పద్దెనిమిదింటిలో బట్ట మీద బొమ్మ వేసే కళాకారులకు చోటు లేదు. మన ఎంపీలు ఈ లోపాన్ని కేంద్రం దృష్టికి తీసుకెళ్లి సరిదిద్దించాలి.

నీటి మాట చెప్పకుండా కలంకారీ గురించి మాట్లాడడం అసంపూర్ణం. పారే నీటిలో జాడిస్తే గానీ అదనపు రంగు పోదు, నిలిచిన నీటిలో జాడిస్తే ఒక చోటి రంగు మరోచోట మరకై కూర్చుంటుంది. ఈ కళ స్వర్ణముఖి ఒడ్డున వేళ్లూనుకున్నదే అందుకు. ఆ నది ఏడాదిలో చాలా నెలలు ఇసుక మేటగా మిగులుతోంది, ఉన్న నీటిలో మురుగు కలుస్తోంది. దాంతో బోరు నీళ్లు, తొట్టెలు, బిందెలు మోసే భారం మళ్లీ ఆడవాళ్ల నడుము మీదే పడింది. పారే నీటి కాలువ, పొగ పోయే గొట్టాలున్న మరిగింపు షెడ్డు, రంగు నీటిని శుద్ధి చేసే ఏర్పాటు కలిగిన ఉమ్మడి కేంద్రం ఒకటి శ్రీకాళహస్తిలో కట్టడం పురపాలక సంఘానికీ, జిల్లా యంత్రాంగానికీ పెద్ద పని కాదు. దాని పక్కనే పసిపిల్లలను చూసుకునే గది ఉండాలి. చంకలో బిడ్డతో మరుగుతున్న కాగు దగ్గర ఏ తల్లీ నిలబడకూడదు.

శ్రీకాళహస్తి కలంకారీకి 2005-06లోనే భౌగోళిక గుర్తింపు, అంటే ఆ పేరు ఇక్కడి సరుకుకే చెల్లే చట్టబద్ధమైన హక్కు (జీఐ), వచ్చింది. ఆ పేరు పెట్టి మోసపూరితంగా అమ్మేవారికి జైలుశిక్ష, జరిమానా విధించే వీలు చట్టంలో ఉంది. అయినా యంత్రం మీద అచ్చువేసిన పాలియెస్టర్ చీరలు కలంకారీ పేరుతో తిరుపతి బజార్లలోనే కుప్పలుగా కనిపిస్తున్నాయి. కృష్ణా జిల్లా పెడనలో అచ్చుల అద్దకంతో తయారయ్యే కలంకారీ సంగతి వేరు, అది కూడా నిజమైన చేతిపనే, దానికి దాని గుర్తింపు ఉంది. మేము చెబుతున్నది ఏ చెయ్యీ తాకని నకళ్ల గురించి. కొనేవారు బట్టను తిరగేసి చూస్తే చాలు: కలంతో వేసిన రంగు వెనుక వైపుకు దిగి ఉంటుంది, గీత ఒకచోట లావుగా ఒకచోట సన్నగా నడుస్తుంది, ఒకే పువ్వు రెండుసార్లు అచ్చు గుద్దినట్టు రాదు. తనిఖీ మాత్రం అధికారుల బాధ్యత. భౌగోళిక గుర్తింపు కింద అధీకృత వినియోగదారులుగా, అంటే ఆ పేరు వాడుకునే హక్కున్నవారిగా, ఇంటి యజమాని పేరును మాత్రమే కాకుండా పని చేసే మహిళల పేర్లను కూడా విడివిడిగా నమోదు చేయించాలి. హస్తకళల శాఖ ఇచ్చే గుర్తింపు కార్డు విషయంలోనూ ఇదే పద్ధతి పాటించాలి.

కొనేవారికి ఈ జిల్లాలో కొరత లేదు. తిరుమలకు రోజూ అటూ ఇటూగా 60 నుంచి 80 వేల మంది వస్తారు, వారిలో చాలామంది రాహు కేతు పూజకు శ్రీకాళహస్తి కూడా వెళతారు. 2022లో రైల్వే తెచ్చిన ‘ఒక స్టేషన్ - ఒక ఉత్పత్తి’ పథకం కింద తిరుపతి స్టేషన్‌లో కలంకారీకి చోటు దక్కింది. ఆ చోటు మహిళా బృందాలకు వంతులవారీగా అందాలి. తిరుమల తిరుపతి దేవస్థానాలు తమ శిల్ప విద్యాసంస్థలో కలంకారీని ఇప్పటికే నేర్పిస్తున్నాయి. అక్కడితో ఆగకుండా, అతిథి గృహాల గోడలకు, ప్రముఖులకు కప్పే శాలువాలకు, పండితుల సన్మాన వస్త్రాలకు ఏటా నిర్ణీత పరిమాణంలో ఈ బృందాల నుంచే నేరుగా కొంటే వానాకాలంలోనూ పని ఆగదు. కలెక్టరేట్ మొదలుకొని విశ్వవిద్యాలయాల వరకూ జ్ఞాపికలు కొనే ప్రతి కార్యాలయమూ ఇలాగే చేయవచ్చు. అయితే ఒక షరతు. ఆర్డరు ఇచ్చిన రోజే సగం సొమ్ము బృందం ఖాతాలో పడాలి, మిగతా సగం సరుకు అందిన నెలలోపు చెల్లించాలి, అంతకుముందు సంవత్సరపు బకాయి ఒక్క రూపాయి కూడా జూన్‌లో బడులు తెరిచే నాటికి మిగిలి ఉండకూడదు.