వరుసలు పెంచే ముందు తూముల పూడిక తీయండి

ఇచ్ఛాపురం దాటాక ఒడిశా సరిహద్దులోని గిరిసోల నుంచి బరంపురం, ఛత్రపురం, రంభ మీదుగా సాగే పదహారో నంబరు జాతీయ రహదారిని ఆరు వరుసలు చేయాలన్న మాట చాలాకాలంగా వినబడుతోంది. చేయండి, కాదనం. కోల్‌కతా నుంచి చెన్నై దాకా 1,700 కిలోమీటర్లకు పైబడిన ఈ బాటను నమ్ముకునే పారాదీప్, గోపాల్‌పూర్, విశాఖ, కాకినాడ, కృష్ణపట్నం రేవుల సరుకు కదులుతోంది. భీమవరం చేపల లారీ ఐసు కరగకముందే కటక్ చేరాలన్నా ఇదే దారి. అయితే ఉన్న నాలుగు వరుసలు ఎందుకు పాడవుతున్నాయో తేల్చుకోకుండా మరో రెండు వేస్తే, పాడయ్యే రోడ్డు వెడల్పవుతుంది, అంతే.

రోడ్డుకు మొదటి శత్రువు నీరు. ఈ దారి సాగే గంజాం జిల్లా నేల వాలు పడమటి కొండల నుంచి తూర్పున సముద్రంవైపు. రహదారి, రైలు మార్గం రెండూ ఆ వాలుకు అడ్డంగానే పోతాయి. కొండమీద పడ్డ వాన రోడ్డు కింది తూముల (కల్వర్టుల) గుండా తప్ప అవతలికి పోలేదు. 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్, 2018 అక్టోబరు 11న పలాస వైపు తిత్లీ తీరం దాటాయి. అక్టోబరంటే అప్పటికే వరిమడులు నిండి, నేల నీరు తాగి ఉండే నెల. అలాంటప్పుడు తూము సగం పూడి ఉంటే నీరు రోడ్డు ఎగువనే నిలుస్తుంది.

తూములు వాటంతటవే పూడిపోవడం కొంత, మనం పూడ్చడం ఎక్కువ. పెట్రోలు బంకుకో, ధాబాకో దారి కావాలని పక్క కాలువను మట్టితో నింపి, అడుగున అడుగు వ్యాసం గొట్టం ఒకటి పెడతారు. దిగువన మీటరు వ్యాసమున్న తూము ఉన్నా, నీటికి దక్కేది ఆ అడుగు గొట్టమే. లెక్క వేస్తే అది తూము వైశాల్యంలో పదో వంతు కూడా కాదు. ఆ గొట్టంలోకి కొబ్బరి డొక్కలు, ప్లాస్టిక్ సంచులు చేరితే అదీ లేదు.

నిలిచిన నీరు లోపల చేసే పని పైకి కనిపించదు. తారు పొరల కింద నీటితో కలిపి అణచిన వెట్‌మిక్స్ కంకర, దాని కింద గ్రావెల్ పొర ఉంటాయి. గ్రావెల్ పొర అసలు పని దిగిన నీటిని పక్క వాలుకు వదిలేయడం. అందుకే దాని అంచు బయటికి తెరుచుకుని ఉండాలి. చాలాచోట్ల తారు పక్కనుండే మట్టి భుజాన్ని ఎర్రమట్టితో ఎత్తు చేసి ఆ అంచును మూసేస్తారు. ఇక బరువైన చక్రం పడ్డప్పుడల్లా లోపలి నీరు సన్నమట్టిని పగుళ్లలోంచి పైకి చిమ్ముతుంది. తారు మీద బురద చారలు కనిపించాయంటే కింద డొల్ల మొదలైందని గుర్తు. తర్వాత వలలాంటి పగుళ్లు, ఆ తర్వాత గుంటలు. మలుపుల దగ్గర మరో తంటా ఉంది. రోడ్డు లోపలివైపు వాలి ఉంటుంది కనుక బయటి వరుసల నీరు మధ్య విభాగినివైపు వస్తుంది. అక్కడ గన్నేరు మొక్కలకని పోసిన మట్టి కాలువను మింగేస్తే, ఆ నీరు వేగంగా వచ్చే కారు చక్రాల కిందే ఉండిపోతుంది.

గుంట పూడ్చడానికీ ఒక పద్ధతుంది. గట్టి తారు తగిలేదాకా నాలుగు పక్కలా నిటారుగా కోయాలి, నీరూ దుమ్మూ తీసేయాలి, అడుగుకూ గోడలకూ పల్చగా తారు పూయాలి, మిశ్రమం పొరలుగా వేసి రోలరుతో అణచాలి. వానలో తప్పకపోతే వేడి చేయకుండానే వేసే తారు మిశ్రమం, కోల్డ్ మిక్స్, వాడాలి. తడిగుంటలో క్రషర్ డస్టు పోసి పారతో తట్టి పోతే మర్నాటి లారీలే దాన్ని ఎత్తుకుపోతాయి. బిల్లు మాత్రం మిగులుతుంది.

రెండో శత్రువు బరువు. ఇరుసు మీద బరువు పెరిగితే రోడ్డుకు నష్టం దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుందని ఇంజనీర్ల లెక్క. అంటే 30 శాతం అదనపు బరువుకు నష్టం దగ్గరదగ్గర మూడింతలు. 2018 జులైలో కేంద్రం నాలుగు టైర్ల ఒంటి ఇరుసు పరిమితిని 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచింది. అదే లెక్కన, చట్టానికి లోబడి నడిచే ఇరుసు కూడా పాత రోడ్డును సుమారు 60 శాతం ఎక్కువ అరగదీస్తోంది. దాని మీద అదనపు లోడు!

చట్టంలో లోటేమీ లేదు. అదనపు లోడుకు రూ.20,000, ఆపైన టన్నుకు రూ.2,000 జరిమానా, ఎక్కువైన సరుకును అక్కడే దించాలన్న నిబంధన, అన్నీ ఉన్నాయి. అయితే దించేదెక్కడ? ఇసుకైతే పారతో తీయొచ్చు. టెక్కలి వైపు నుంచి వచ్చే గ్రానైటు దిమ్మెను సగం కోసి దించలేం కదా! క్రేనూ, కంచె వేసిన జాగా లేకుండా దించమంటే కాగితం మీద దించినట్టే. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక సరిహద్దులో పన్నుల చెక్‌గేట్లకు పని పోయింది, లారీల బారు తగ్గింది. మంచిదే. అలాంటి చోటొకటి తూకానికీ లోడు దించడానికీ యార్డుగా మారిస్తే రెండు రాష్ట్రాల రోడ్లకూ మేలు.

రాత్రి ప్రమాదాల సంగతి విడిగా చెప్పాలి. లారీ చెడితే డ్రైవరు వెనక బండరాళ్లు పేర్చి, ఆకుల కొమ్మ ఒకటి నిలబెడతాడు. బాగయ్యాక లారీ వెళ్లిపోతుంది, రాళ్లు రోడ్డు మీదే ఉంటాయి. వంద వేగంతో వచ్చే కారు ఆగడానికి డిజైను లెక్కల్లో 180 మీటర్లు కావాలి. డిమ్ లైటు అందులో సగం దూరమైనా చూపదు. మోటారు సైకిలు మీద వచ్చేవారి గతి చెప్పనక్కరలేదు. గస్తీ బండి రాళ్లు తీయడాన్ని రోజువారీ పనిగా రాసుకోవాలి, లారీలు నిలుపుకునే జాగాలు ధాబాలకు ఆనుకునే కట్టాలి. డ్రైవరు తిండి దొరికేచోటే ఆగుతాడు, బోర్డు పెట్టిన చోట కాదు.

ఇచ్ఛాపురం దగ్గర దెబ్బతిన్నవారికి శ్రీకాకుళం నూరు కిలోమీటర్ల పైమాటే, బరంపురం వైద్య కళాశాల ఆసుపత్రి చేరువ. 2025 మే నుంచి అమలులో ఉన్న నగదురహిత చికిత్స పథకంలో, ఏ రాష్ట్రంవారైనా, ఏడు రోజుల్లోపు రూ.లక్షన్నర దాకా చికిత్స పొందవచ్చు. 1033కు ఫోను చేస్తే అంబులెన్సు వస్తుందన్న సంగతితో పాటు ఈ మాట కూడా రెండు భాషల్లో టోలు గేటు దగ్గర పెద్ద అక్షరాలతో రాయించాలి.

వాన నీటికి 1936లో ఒడిశా విడిగా ఏర్పడినప్పటి సరిహద్దుతో పని లేదు. గిరిసోలకు అటూ ఇటూ ఉన్న రహదారి అధికారులు ఏటా మే నెలలో ఒకసారి, సెప్టెంబరు చివర మరోసారి కలిసి కాలినడకన కల్వర్టులు చూడాలి. ఆరు వరుసల ప్రణాళికకు ముందు ఒక జాబితా తయారు చేయండి: ఏ కిలోమీటరు రాయి దగ్గర ఏ తూము, వ్యాసమెంత, ఎగువన ఎవరి గొట్టం అడ్డుంది. దాన్ని ఒడియాలోనూ తెలుగులోనూ పంచాయతీ ఆఫీసుల గోడకు అంటించండి. తప్పులుంటే ఆ పక్క పొలం రైతులే దిద్దుతారు.