మూసిన క్లబ్బుకు చందా ఎందుకు కట్టాలంటే

2020 ఏప్రిల్ రెండో వారం. లాక్‌డౌన్ మొదలై ఇంకా మూడు వారాలు నిండలేదు. నేను సభ్యుడిగా ఉన్న ఒక పట్టణపు క్లబ్బు వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దమనిషి అడిగారు: "గేటుకు తాళం వేసి ఉంది కదా, ఈ నెల చందా దేనికి కట్టాలి?" సాయంత్రానికల్లా ఆ ప్రశ్న కింద బొటనవేలి బొమ్మలు బారులు తీరాయి. ఆ బొమ్మలు పెట్టినవారిలో చాలామంది చందా కట్టలేనివారేమీ కారు. నెల చందా మొత్తం వారి రెండు రాత్రుల బారు బిల్లుకు సరిపోదు. సభ్యుడంటే ఎవరో మరిచిపోతే తప్ప అలాంటి ప్రశ్న నోట రాదని ఆ రోజే అనుకున్నాను. ఇన్నేళ్ల తరవాత కూడా నా అభిప్రాయం వెంట్రుకవాసి కదలలేదు.

ఆ ఏడాది సాగిన తీరు అందరికీ గుర్తే. మే 18 నుంచి ప్రేక్షకులు లేకుండా క్రీడా ప్రాంగణాలు తెరుచుకోవచ్చన్నారు. భోజనశాలలకు జూన్ 8, వ్యాయామశాలలకు ఆగస్టు 5. బార్లకు మన రెండు రాష్ట్రాల్లోనూ సెప్టెంబరు దాకా అనుమతి రాలేదు. ఈత కొలనులు అందరికీ తెరుచుకునేసరికి 2021 ఫిబ్రవరి వచ్చింది. ఒకే ప్రహరీ లోపల టెన్నిస్ కోర్టుకు ఒక తేదీ, వంటగదికి ఒక తేదీ, కొలనుకు మరో తేదీ. గౌరవ కార్యదర్శి అనే జీతం లేని ఉద్యోగి ఈ ఉత్తర్వులన్నీ కూడబలుక్కుని చదువుతూ, "మరి షటిల్ ఎప్పుడు?" అనే ఫోన్లకు జవాబు చెప్పుకుంటూ ఆ ఏడాది వెళ్లదీశాడు.

మూసి ఉన్న క్లబ్బుకు ఖర్చేముంటుంది అనేవారు మట్టి కోర్టును ఒక్క వేసవి గాలికి వదిలేసి చూడాలి. దానికి రోజూ నీళ్లు చల్లాలి, రోలరు తిప్పాలి, చెరిగిన గీతలు మళ్లీ గీయాలి. ఏప్రిల్, మే ఎండల్లో నీళ్లు పడకపోతే పై పొర పొడిబారి గాలికి లేచిపోతుంది. ఆపైన తొలకరి పడిందంటే బేస్‌లైను దగ్గర గరిక మొలుస్తుంది. కొలను సంగతి ఇంకా ఘోరం. నీళ్లు తోడేస్తే ఎండకు టైల్స్ ఊడతాయి. ఉంచితే మోటారు తిప్పాలి, క్లోరిన్ వేయాలి, లేకపోతే పచ్చటి చెరువు తయారవుతుంది. బిలియర్డ్స్ బల్ల మీది బట్టకు చెమ్మ పడదు. వంటగదిలో ఎలుకలు, దస్త్రాల గదిలో చెదలు లాక్‌డౌను పాటించలేదు. బారు గదిలో బీరు ఉండనే ఉంది. దానికి ఆరు నెలల ఆయుష్షు. మార్చిలో నింపిన సరుకు సెప్టెంబరులో తలుపు తెరిచేసరికి పారబోయడానికే మిగిలింది. వాడినా వాడకపోయినా కరెంటు కనెక్షను మీద కట్టవలసిన కనీస మొత్తం కట్టవలసిందే. వీటన్నిటికీ పైన జీతాలు. లాక్‌డౌన్ కాలానికి కోత లేకుండా వేతనాలివ్వాలని కేంద్ర హోంశాఖ మార్చి 29న ఆదేశించింది, మే 18 నుంచి ఉపసంహరించుకుంది. ఆ తరవాత ఎవరి మనస్సాక్షి వారిది.

అందరికీ తెలిసినా సర్వసభ్య సమావేశంలో ఎవరూ పైకి అనని ముచ్చట ఇంకొకటుంది. మన పట్టణాల్లో ఎన్నో క్లబ్బులను పోషించేది పేకాట గది. పొద్దున్నే నిక్కర్లు వేసుకుని టెన్నిసుకు వచ్చే డాక్టరుగారికి ఆ గదంటే చిన్నచూపు. కానీ ఆయన ఆడే కోర్టుకు రోలరు తిప్పే మనిషి జీతం అక్కడి నుంచే వస్తుంది. ఈ ఏర్పాటుకు చట్టబలం మన గడ్డ మీది కేసులోనే దొరికింది. సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేసిన వ్యవహారం 1960ల్లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అనీ, ఆడేవారి నుంచి క్లబ్బు కొద్దిపాటి రుసుము తీసుకున్నంత మాత్రాన అది జూదగృహం అయిపోదనీ కోర్టు తేల్చింది. కరోనాకు మాత్రం ఏ తీర్పూ పట్టదు. ఒక బల్ల చుట్టూ ఆరుగురు మోకాళ్లు తగిలేలా కూర్చుని, అవే ముక్కలు చేతులు మార్చుకుంటూ, మధ్యమధ్య వేలు నాలుకకు తడుపుకునే ఆట అది. అంతకన్నా అనువైన చోటు వైరస్‌కు ఎక్కడ దొరుకుతుంది? ఆ గదికి తాళం పడింది, ఆటగాళ్లు ఫోన్లలోకి మళ్లారు. తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది, ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో అదే దారి పట్టింది. అప్పటికి క్లబ్బుకు ఆ రాబడి పోయి ఆరు నెలలైంది. మిగిలిన ఆధారం చందా ఒక్కటే. సరిగ్గా దానినే మానేద్దామన్నారు మనవాళ్లు.

అసలు మాటకు వస్తాను. క్లబ్బుకూ సభ్యుడికీ ఉన్న సంబంధం ఏమిటి? ఈ ప్రశ్నకు న్యాయస్థానాల్లో దశాబ్దాలుగా మనమే ఒక జవాబు చెబుతూ వచ్చాం. క్లబ్బు వేరు, మేము వేరు కాదు. మేము నలుగురం కలిసి డబ్బు వేసుకుని, మేమే తింటున్నాం, మేమే ఆడుతున్నాం. కుడిచేతిలోది ఎడమచేతిలోకి మారితే అది అమ్మకం ఎలా అవుతుంది, దాని మీద పన్నేమిటి? పరస్పరత సూత్రం అని దీనికి పేరు. కలకత్తా క్లబ్బు కేసులో 2019 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఈ వాదనకే ముద్ర వేసింది. క్లబ్బు కంపెనీగా నమోదైనా సరే, తన సభ్యులకు అందించే వాటి మీద అమ్మకం పన్ను గానీ సేవా పన్ను గానీ పడదంది. మన క్లబ్బుల కమిటీలు కూడా ఆ తీర్పును పండగలా చెప్పుకున్నాయి.

అప్పటికి, వాట్సాప్ గ్రూపులో ఆ ప్రశ్న వచ్చిననాటికి మధ్య గడిచింది ఆరు నెలలు. పన్ను అధికారి ఎదుట క్లబ్బే మేము, మేమే క్లబ్బు అన్నవారు, చందా చీటీ చూసేసరికి సేవ అందలేదు కాబట్టి డబ్బు ఇవ్వం అనే కొనుగోలుదారులయ్యారు. ఈ రెండింటిలో ఏదో ఒకటే నిజం కావాలి. క్లబ్బు నీదే అయితే దాని పాచి నీది, చెదలు నీవి, ఆయుష్షు తీరిన బీరు నష్టమూ నీదే. ఇల్లు అద్దెకు పోకుండా ఖాళీగా ఉన్న ఏడాది ఇంటిపన్ను కట్టనంటామా?

వింత ఏమిటంటే, సరిగ్గా ఆ ఏడాదే ప్రభుత్వం కూడా రెండో మాటే ఖాయం చేసింది. 2021 ఫిబ్రవరి 1 బడ్జెట్టుతో వచ్చిన ఆర్థిక చట్టం జీఎస్టీ చట్టంలో ఒక సవరణ చేర్చింది. సంఘమూ దాని సభ్యులూ వేర్వేరు వ్యక్తులుగానే లెక్క, వారి మధ్య లావాదేవీ సరఫరాయే అంటుందది. అమలు కూడా వెనక్కి, 2017 జూలై 1 నుంచి. చందా మీద 18 శాతం పన్ను గురించి గొణిగిన సభ్యులను చూసి నాకు నవ్వొచ్చింది. ఏడాదంతా మనం గొంతు చించుకుని చెప్పిన మాటనేగా నిర్మలా సీతారామన్ చట్టంలో రాయించింది!

ఎదుటివారి వాదనలో బలం లేదని అనను. 65 ఏళ్లు దాటినవారు ఇల్లు కదలవద్దని ప్రభుత్వమే చెప్పింది. మన క్లబ్బులకు నిజమైన సభ్యులు వారే. సాయంత్రం అయిదున్నరకు వచ్చి అదే కుర్చీలో కూర్చునే విశ్రాంత తహసీల్దారులు, లెక్చరర్లు. గుమ్మం తొక్కరాదన్న మనిషి దగ్గర చందా అడగడం ఏ న్యాయం? అద్దెలు ఆగిపోయి, దుకాణాలు మూసుకుని నిజంగానే చితికిపోయిన సభ్యులూ ఉన్నారు. వారికి కార్యదర్శి చెవిలో ఒక్క మాట చెబితే చాలు, రద్దు చేయవచ్చు, చాలాచోట్ల చేశారు కూడా. కానీ గ్రూపులో అడిగింది ఆ మినహాయింపు గురించి కాదు. నాలుగు భవనాలవాడికీ నాలుగు నెలలుగా జీతం లేనివాడికీ ఒకే మాఫీ కావాలన్నారు.

ఈ లెక్కలో ఎక్కడా కనబడని మనిషి మార్కరు. క్లబ్బు టెన్నిసు ఆడినవారికి ఆ మాట చెప్పనక్కర లేదు. పొద్దున్న అయిదింటికి నెట్టు బిగించి, జత కుదరని సభ్యుడికి తాను జతగా నిలబడి, అతనికి బ్యాక్‌హ్యాండ్ రానందుకు తాను క్షమాపణ చెప్పుకునే మనిషి. చాలా క్లబ్బుల్లో అతని పేరు జీతాల పట్టీలో ఉండదు. ఆటకు ఇంతని సభ్యులు ఇచ్చేది, పిల్లలకు నేర్పితే వచ్చేది, అంతే. బంతులందించే కుర్రవాళ్ల సంగతి చెప్పనే అక్కర లేదు. హోంశాఖ ఉత్తర్వు వీరిని తాకలేదు, ఎందుకంటే కాగితం మీద వీరు ఎవరికీ ఉద్యోగులు కారు. సభ్యుల సంఘం అంటే సభ్యులకు మాత్రమే సంఘం అనుకుంటే మార్కరు ఆకలి ఎవరి పద్దు? నాకు తెలిసిన క్లబ్బులో అయిదుగురు సభ్యులు సొంత డబ్బుతో బియ్యం, పప్పు పంపించారు. మంచిదే. అది వారి దయ. క్లబ్బు ఖాతా నుంచి ఒక తీర్మానంతో వెళ్లి ఉంటే మార్కరు హక్కుగా అందుకునేవాడు, చేతులు జోడించవలసిన పని ఉండేది కాదు. చందాలు ఆగిన క్లబ్బుకు ఆ తీర్మానం చేసే స్తోమత ఎక్కడిది?

కొనుగోలుదారు ధోరణికి ఎదురు కొసన వారసుల ధోరణి ఉంది. దాని కథ కూడా ఆ ఏడాదే ఢిల్లీలో నడిచింది. ప్రధాని నివాసానికి కూతవేటు దూరంలో ప్రభుత్వ భూమి మీద ఉన్న ఢిల్లీ జింఖానా క్లబ్బు మీద కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ ట్రైబ్యునల్‌కు వెళ్లింది. బయటివారు డబ్బు కట్టి దశాబ్దాల తరబడి వరసలో నిలబడుతుంటే, లోపలివారి సంతానానికి దారి తేలికగా దొరుకుతోందన్నది ప్రధాన ఆరోపణల్లో ఒకటి. 2021 ఫిబ్రవరి 15న అప్పిలేట్ ట్రైబ్యునల్ దాని పాలకమండలిని పక్కనపెట్టి అడ్మినిస్ట్రేటరును నియమించమంది. ప్రభుత్వం క్లబ్బులో చొరబడటం నాకు నచ్చదు. కానీ తలుపు తీసి పెట్టినదెవరు? ఒకచోట సొంతమైనదాన్ని కొట్టుగా చూశారు, ఇంకోచోట తాతల జాగీరుగా చూశారు. ఉమ్మడిగా చూసినవారే కరువు.

ఈ జబ్బు క్లబ్బులతో ఆగిపోతే ఇంత రాయను. అపార్టుమెంటులో లిఫ్టు వాడని కింది అంతస్తు ఆయన లిఫ్టు ఖర్చు కట్టనంటాడు, పై అంతస్తు ఆయన కింది మోటారు నాకెందుకంటాడు. వెనక్కి వెళ్లి చూస్తే మనం ఇలా ఉన్నవాళ్లం కాదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టినవారూ, 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘంగా కూడినవారూ ఎవరో వచ్చి తమకు పుస్తకాలు సరఫరా చేస్తారని ఎదురుచూడలేదు. చందాలు వేసుకున్నారు, తలుపులు తెరిచారు, సభ్యుడు కానివాడు కూడా వచ్చి పత్రిక చదువుకుని వెళ్లాడు. ఇప్పుడు ఆస్తిపన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం. వసూలు చేసిన ఆ సొమ్మును పురపాలక సంఘాలు గ్రంథాలయ సంస్థలకు బకాయి పెడుతుంటే అడిగే గొంతు లేదు, ఎందుకంటే గ్రంథాలయం మనదన్న ఊహే మనకు పోయింది.

సహకార సంఘాలదీ అదే దారి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1995లో ఒక చట్టం తెచ్చింది, పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం. దేశంలో ఇతర రాష్ట్రాలు దాన్ని చూసి రాసుకున్నాయి. ప్రభుత్వ వాటా లేకుండా, అధికారి పెత్తనం లేకుండా సభ్యులే యజమానులుగా నడుపుకోమనడం దాని సారం. క్లబ్బులు కోర్టులో వల్లించిన పరస్పరతకూ ఆ చట్టం పేరులోని పరస్పరతకూ తేడా లేదు. ఒకప్పటి కరీంనగర్ జిల్లాలోని ముల్కనూరులో అంతకు చాలా ముందే, 1956లో, రైతులు పెట్టుకున్న పరపతి సంఘం నేటికీ నిలబడి ఉందంటే కారణం అక్కడి మట్టి మహిమేమీ కాదు. అక్కడ సభ్యుడు అప్పు తీసుకుంటాడు, అదే సంఘంలో పొదుపు వేస్తాడు, దాని లెక్క తన లెక్కగా చూస్తాడు. చదువుకున్న మనం, సంతకానికి ముందు డాక్టరు, అడ్వొకేటు అని రాసుకునే మనం, ఆ రైతు చేసినపాటి చేయలేకపోయాం.

మా క్లబ్బు సర్వసభ్య సమావేశం ఆ ఏడాది ఫోన్లలోనే జరిగింది. గత సంవత్సరాల్లో కోరం కోసం పేకాట గది నుంచి బతిమాలి మనుషులను లాక్కురావలసి వచ్చేది. ఈసారి పిలవకుండానే తెర నిండా ముఖాలు. పదేళ్లుగా సమావేశంలో చూడనివారు కూడా బనియన్ల మీద చొక్కాలు తొడుక్కుని కూర్చున్నారు. చందా అంశం మొదట తీసుకోమని పట్టుబట్టారు, తీసుకున్నారు. ఆరు నెలల మాఫీ గెలిచింది. రెండో అంశం మార్కరుకూ బంతి కుర్రవాళ్లకూ సాయం, మూడోది జమాఖర్చుల ఆమోదం. కార్యదర్శి కాగితం తిప్పి గొంతు సవరించుకునేలోగా ముఖాలు ఒక్కొక్కటిగా ఆరిపోయాయి. చివరికి మిగిలినది కార్యదర్శి, కోశాధికారి, నేను, మ్యూట్ నొక్కడం మరిచిపోయి నిద్రపోతున్న ఒక పెద్దాయన గురక. కోరం లేదు కాబట్టి మిగతా అంశాలు వాయిదా పడ్డాయి.