అది ఎనిమిది కాదు, తొమ్మిది

హీమోఫీలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) మీద మీ వ్యాసం బాగుంది కానీ ఒక సవరణ. విక్టోరియా రాణి వంశంలోని హీమోఫీలియాను ఫ్యాక్టర్ 8 (రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్రొటీన్లలో ఒకటి) లోపమని రాశారు. విక్టోరియా మనవరాలి కుటుంబమైన రష్యా రాజకుటుంబం ఎముకల డీఎన్ఏ పరీక్షించి, అది ఫ్యాక్టర్ 9 లోపమని, అంటే హీమోఫీలియా బి అని 2009లోనే తేల్చారు. దీన్నే క్రిస్మస్ డిసీజ్ అంటారు. పండగను బట్టి పెట్టిన పేరు కాదండోయ్, 1952లో వెలువడిన పరిశోధనలోని పిల్లవాడి ఇంటిపేరు!

ఇంకోటి. 'తల్లి వైపు వంశంలో ఉంటేనే వస్తుంది' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. సుమారు మూడో వంతు కేసుల్లో ఇంట్లో అంతకుముందు ఎవరికీ ఉండదు, జన్యువులో కొత్తగా మార్పు వస్తుంది. మా పిన్ని కొడుకుదీ అదే కథ. పాలపన్ను ఊడితే రెండు రోజులు రక్తం కారుతూనే ఉంది. వాడి టెన్షన్ చాలదన్నట్టు, 'మీ పుట్టింటి రోగం' అని పిన్నిని అత్తవారు ఎన్ని మాటలన్నారో!