ఒక్క ఉత్తర్వుతో నల్లమందు పోలేదు

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ చాలా రోజులుగా తిరుగుతోంది. "అమెరికా, ఐక్యరాజ్యసమితి ఇరవై ఏళ్లు కోట్లు గుమ్మరించి చేయలేనిది తాలిబాన్లు ఒక్క ఉత్తర్వుతో చేశారు. అఫ్గానిస్తాన్‌లో నల్లమందు ఖతం. గట్టిగా శిక్షిస్తే చాలు. దేశాల మధ్య ఒప్పందాలు, సమావేశాలు శుద్ధ దండగ. అయినా ఆ గొడవ మనకెందుకు?" ఇదీ సారాంశం. మొన్న మా పెదనాన్న కూడా "బాగా రాశాడు, చదవరా" అని పంపారు. ఫోన్లో ఆయనకి సగమే చెప్పగలిగాను. మిగతాది కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మొదటి మాట, ఒక్క ఉత్తర్వుతో సాగు పడిపోయిందన్నది. ఇది నిజం. 2022 ఏప్రిల్‌లో తాలిబాన్ అధినేత నిషేధం ప్రకటించారు. ఐరాస మాదకద్రవ్యాల విభాగం లెక్క ప్రకారం 2022లో 2,33,000 హెక్టార్లున్న సాగు మరుసటి ఏడాదికి 10,800 హెక్టార్లకు దిగింది. అంటే 95 శాతం పోయింది. అమెరికా డబ్బు వృథా అయిందన్నదీ నిజమే. 2002 నుంచి 2017 దాకా 860 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు చేస్తే, 2017లో సాగు 3,28,000 హెక్టార్లకు చేరి రికార్డు కొట్టింది. కానీ మెసేజ్ రాసినవాళ్లు ఒకటి వదిలేశారు. 2000లో అప్పటి తాలిబాన్ అధినేత ముల్లా ఒమర్ కూడా అచ్చం ఇలాగే నిషేధించాడు. 2001లో సాగు 8,000 హెక్టార్లకు పడింది. ఆ ఏడాది చివర్లో తాలిబాన్ ప్రభుత్వం కూలింది, 2002కల్లా సాగు మళ్లీ 74,000 హెక్టార్లు. భయంతో ఆగింది, భయం పోగానే తిరిగొచ్చింది.

ఇక "ఖతం" అన్న మాట. సాగు వేరు, సరుకు వేరు. ఎండిన నల్లమందు ఏళ్ల తరబడి పాడవదు. గుంటూరులో రేటు కోసం మిర్చిని కోల్డ్ స్టోరేజీలో ఆపినట్టు దీన్నీ ఆపుకోవచ్చు, దీనికి ఆ చల్లదనం కూడా అక్కర్లేదు. 2022 చివరికి అక్కడ 13,200 టన్నుల నిల్వలున్నాయని ఐరాస అంచనా. 2027 దాకా గిరాకీకి సరిపోయేంత. నిషేధానికి ముందు కిలో సుమారు 100 డాలర్లుండేది, 2024 మొదటి ఆర్నెల్లలో 730కి పోయింది. నిల్వ ఉన్న పెద్ద భూస్వామికి, వ్యాపారికి ఈ నిషేధం లాభమే తెచ్చింది. పంట డబ్బుతో అప్పు తీర్చుకునే చిన్న రైతు దగ్గర దాచడానికి ఏముంటుంది? ఈలోగా 2023లో మయన్మార్ 1,080 టన్నులతో ప్రపంచంలో మొదటి స్థానానికి వచ్చింది. ఇది మన మణిపూర్ సరిహద్దుకి ఆనుకున్న దేశం.

"గట్టిగా శిక్షిస్తే చాలు" అన్న వాక్యం దగ్గర నాకు నిజంగా బాధేసింది. నల్లమందు మొక్క అంటే మన వంటింట్లో గసగసాల మొక్కే. పచ్చికాయ మీద సన్నగా గాట్లు పెడతారు. రాత్రంతా పాలు కారి, గోధుమరంగు తిరిగి, జిగురులా చిక్కబడతాయి. పొద్దున్నే గీకి తీస్తారు. కాయకాయకీ చేతిపనే, అందుకే ఆ కొన్ని వారాల్లో కూలీలకు బోలెడు పని. 2023 లెక్కల్లో హెక్టారు నల్లమందుకి సుమారు 10,000 డాలర్లు వస్తే, అదే హెక్టారులో గోధుమకి 770. ఈ తేడా ఎవరు పూడ్చాలి? 2024 మేలో అఫ్గానిస్తాన్‌లోని బదక్షాన్ రాష్ట్రంలో తాలిబాన్లు పంట దున్నేయడానికి వచ్చినప్పుడు రైతులు అడ్డం తిరిగారు, కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. థాయిలాండ్ కూడా నల్లమందు వదిలించుకుంది. అక్కడ 1969లో రాజు మొదలుపెట్టిన ప్రాజెక్టు, 1988లో దోయ్ తుంగ్ కొండల్లో వచ్చిన పథకం కాఫీలాంటి పంటలు, రోడ్లు, బడులు, కొనేవాళ్లు అన్నీ చూసుకున్నాయి. మూడు దశాబ్దాలు పట్టింది. విదేశీ సాయం కూడా తీసుకున్నారు.

"ఒప్పందాలు దండగ" అంటున్నారు కదా, హెరాయిన్ ఎలా తయారవుతుందో చూడండి. నల్లమందు నుంచి మార్ఫిన్ తీసి, దాన్ని హెరాయిన్‌గా మార్చాలంటే అసిటిక్ అన్‌హైడ్రైడ్ కావాలి. ఆస్పిరిన్ తయారీలో వాడే మామూలు రసాయనమే. అఫ్గానిస్తాన్ దాకా అది బయటి దేశాల నుంచే దొంగదారిన చేరుతుంది. అందుకే 1988 నాటి ఐరాస ఒప్పందం దాన్ని నియంత్రణ జాబితాలో పెట్టింది. ఈ జాబితాలోని రసాయనాల ఎగుమతికి ముందే కొనే దేశానికి కబురు పంపే ఏర్పాటు ఉంది. ఆ దేశం "ఈ కంపెనీ ఏదో మాకు తెలీదే" అంటే సరుకు ఆగుతుంది. తుపాకీ పట్టుకుని పొలంలో నిలబడినవాడు ఈ పని చేయలేడు. 2024 నవంబర్‌లో శ్రీలంక నౌకాదళం ఇచ్చిన సమాచారంతో మన నేవీ అరేబియా సముద్రంలో రెండు పడవల్లో సుమారు 500 కిలోల మెత్ (మెథాంఫెటమిన్ అనే మత్తుమందు) పట్టుకుని ఆ దేశానికే అప్పగించింది. సమాచారం ఒకరిది, ఓడలు, విమానాలు మరొకరివి.

చివరగా, "మనకెందుకు" అన్నది. పెదనాన్న విజయవాడలోనే ఉంటారు కాబట్టి ఆయనకి ఈ సంగతి ముందు చెప్పాను. 2021 సెప్టెంబర్‌లో గుజరాత్‌లోని ముంద్రా పోర్టులో రెండు కంటైనర్లు విప్పారు. కాగితాల మీద అవి అఫ్గాన్ టాల్క్ రాళ్లు (పౌడర్ చేసే మెత్తని రాయి), ఇరాన్‌లోని బందర్ అబ్బాస్ నుంచి వచ్చాయి. పెద్ద పెద్ద సంచుల్లో పైన రాళ్లే ఉన్నాయి, అడుగు పొరల్లో హెరాయిన్. తూకం వేస్తే 2,988 కిలోలు. దిగుమతి చేసుకున్న సంస్థ రిజిస్టరైన చిరునామా విజయవాడది. సరుకు ఊళ్లోకి రాలేదు, చిరునామా మాత్రమే వాడుకున్నారని అప్పుడే పోలీసులు చెప్పారు. పెదనాన్న కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఏ వీధిరా అది?" అని అడిగారు.