నాలుగో బండి, పద్దెనిమిది నెలలు, ఒకే రాత్రి

కడపలో ఆరు లారీలున్న ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో నేను గుమాస్తాను. యర్రగుంట్ల సిమెంటు ఎత్తుకుని దక్షిణాదికి పోయే బళ్లు మావి. ఈ మధ్య యజమాని గారబ్బాయి చదువు ముగించుకుని వచ్చి, బండికొక మరమ్మతుల రిజిస్టరు పెట్టాలని పట్టుబట్టాడు. తేదీ, మీటరు రీడింగు, మార్చిన సామాను, మళ్లీ ఎప్పుడు మార్చాలి... ఇన్ని గళ్లు! కుర్రవాడు కనుక ఓపిగ్గానే జవాబు చెబుతాను.

వేదాలు వేల ఏళ్లు నోటి మీద నిలిచిన దేశం ఇది. మూడో బండి గేరుబాక్సు నిలవదా? దాని చరిత్ర యావత్తూ మా మేస్త్రీకి కంఠస్థం. ఆయిల్ ఎప్పుడు మార్చావంటే "పెద్దమ్మాయి పెళ్లికి ముందు" అని తడుముకోకుండా చెబుతాడు. ఏ బండికి అని అడిగితే మాత్రం కాస్త ఆలోచిస్తాడు.

ఇక మీటరు. రెండో బండిది 3,41,207 దగ్గర ఆగి నాలుగేళ్లయింది. అంటే, లెక్క ప్రకారం ఆ బండి నాలుగేళ్లుగా గడప దాటలేదు. కదలని బండికి ఆయిల్ మార్చడం దుబారా కాదా?

మాకు లెక్కలే లేవనుకునేరు. డ్రైవర్ల బత్తా, టోలు చీటీలు, ఆయుధపూజ గుమ్మడికాయ ఖరీదు పైసాతో సహా ఉన్నాయి. డ్రైవరు దారిలో మార్చేస్తాడేమోనని టైర్ల మీద నంబర్లు కాల్చి మరీ రాసుకుంటాం. ఆ టైరు ఎన్ని వేల కిలోమీటర్లు తిరిగిందన్నది దాని సొంత విషయం.

చట్టం అంటే భయం ఉంది. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు కదా. అందుకే మా దగ్గర మంచి టైర్లు ఒక సెట్టు ఉంటుంది. అరువు తెచ్చిన పెళ్లికొడుకు కోటులా, ఎవరి వంతు వస్తే వాళ్లకు.

మొన్న సరుకిచ్చే కంపెనీవాళ్లు తనిఖీకి వస్తున్నామనేసరికి యజమాని గారు కూడా కొడుకు పక్షం చేరారు. ఒక్క రాత్రిలో నాలుగో బండికి పద్దెనిమిది నెలల రిజిస్టరు రాశాను. నెలకో పెన్ను మార్చాను. అక్కడక్కడా గ్రీజు బొటనవేలు అద్ది, రెండు పేజీల మీద టీ గ్లాసు పెట్టి తీశాను. చూసినవాళ్లు మెచ్చుకుని వెళ్లారు.

గురువారం రాత్రి తిరుగు లోడుతో వస్తూ ఆ బండి డ్రైవరు గువ్వలచెరువు దగ్గర ఆగి ఫోన్ చేశాడు. పాలకోవా తేవాలా అని అడుగుతాడనుకున్నాను.

"అన్నా, బ్రేకు తొక్కినా బండి ముందుకే పోతోంది. లైనింగులు ఎప్పుడు వేయించారు? ఘాట్ దిగాలి."

మేస్త్రీ ఫోన్ ఎత్తలేదు. ఉండు, రిజిస్టరు చూసి చెబుతానన్నాను. పేజీ తిప్పితే ముందూ వెనకా నాలుగు చక్రాలకూ లైనింగులు మార్చినట్టు నా ముత్యాల్లాంటి అక్షరాలతో స్పష్టంగా ఉంది. తేదీ జూన్ 31.