సవరణ: ప్రాసెసర్ స్పీడ్ తగ్గితే పాడైనట్టు కాదు

మొన్నటి పోస్టులో, కావలిలో మా బావగారి లాప్‌టాప్ 2.4 గిగాహెర్ట్జ్ అని ఉన్నా 0.8 దగ్గరే ఆగుతోందని, చిప్ పాడైందని రాశాను. అది తప్పు. పని లేనప్పుడు కరెంటు, వేడి తగ్గడానికి ప్రాసెసరే తన క్లాక్‌ను (అంటే పనిచేసే వేగాన్ని), వోల్టేజీని దించుకుంటుంది. ఇంటెల్ 2000లోనే స్పీడ్‌స్టెప్ పేరుతో ఈ పద్ధతి తెచ్చింది. తయారీదారు ఇచ్చే సమాచారంలోనే ఉంది, నేను చూడలేదు. బావగారు వీడియో ఎడిటింగ్ మొదలుపెట్టగానే టర్బోలో, అంటే పని పెరిగినప్పుడు చిప్ కాసేపు వేగం పెంచుకునే పద్ధతిలో, అది 3.5 దాటింది. పాపం, షాపతన్ని అనవసరంగా అనుమానించాం.

పని నడుస్తుండగానే స్పీడ్ పడిపోతే మాత్రం వేడి సంగతి చూడాలి. రోహిణి ఎండల్లో, ఫ్యాన్‌కు దుమ్ము పట్టి ఉంటే చిప్ తనను కాపాడుకోవడానికి నెమ్మదిస్తుంది. బావగారి ఫ్యాన్ శుభ్రంగానే ఉంది.